ఫస్ట్ ఎయిడ్ పెట్టెలు నిండుగానే ఉన్నాయి, అది చాలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. దాదాపు 140 మంది రెండు షిఫ్టుల్లో పనిచేసే యూనిట్‌లో మీకు కొత్తగా భద్రత బాధ్యత అప్పగించారు. ప్రథమ చికిత్స ఏర్పాట్లను పరిశీలించి నెలలోగా నివేదిక ఇమ్మన్నారు. మీ చేతికి వచ్చింది పాత తనిఖీ పట్టిక ఒక్కటే. పెట్టెలో ఏ వస్తువు ఎన్ని ఉన్నాయో చూసి టిక్కు పెట్టడం తప్ప అందులో మరేమీ లేదు. ఆరు పెట్టెలూ నిండుగానే ఉన్నాయి. "ఇది చాలదా? ఇంకా ఏం చూడాలి? ఎంత కాలానికి ఒకసారి చూడాలి?" అని అడిగారు.

చాలదు. పెట్టె నిండుగా ఉండటం ఈ మొత్తంలో చాలా చిన్న భాగం. మీరు ముందుగా కొలవవలసింది ఒకటే: మనిషి కింద పడిన క్షణం నుంచి, ఏం చేయాలో తెలిసిన చేయి అతన్ని తాకేదాకా ఎన్ని నిమిషాలు పడుతోంది? పగలైనా రాత్రైనా, యూనిట్‌లో ఏ మూలనైనా. పెట్టెలు, శిక్షణ పత్రాలు, గోడ మీద బోర్డులు, ఫోను నంబర్లు, ఇవన్నీ ఆ నిమిషాలను తగ్గించడానికే ఉన్నాయి. తగ్గిస్తున్నాయా లేదా అన్నదే సమీక్ష.

నిమిషాల గురించి ఇంత పట్టు ఎందుకంటే, శరీరం వేచి ఉండదు. గుండె ఆగిన మనిషికి సీపీఆర్ (ఛాతీని పదే పదే నొక్కి రక్తం ప్రసరించేలా చేయడం) మొదలుకాక, గుండెను మళ్లీ లయలోకి తెచ్చే విద్యుత్ షాకూ అందకపోతే, గడిచే ఒక్కో నిమిషానికి బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం పడిపోతుంది. ప్రాణవాయువు అందని మెదడు నాలుగైదు నిమిషాలకే దెబ్బతినడం మొదలవుతుంది. పెద్ద రక్తనాళం తెగితే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. అంబులెన్స్ ఎంత వేగంగా వచ్చినా ఆ మొదటి నిమిషాలు మాత్రం పక్కన ఉన్నవాళ్ల చేతుల్లోనే ఉంటాయి.

నేను కర్మాగారాల ఆరోగ్య కేంద్రాల్లో 22 ఏళ్లుగా నర్సుగా పనిచేస్తున్నాను. ఇతర యూనిట్లకు వెళ్లి ఇలాంటి సమీక్షలూ చేస్తుంటాను. కాగితాల మీద అన్నీ చక్కగా ఉన్న ఒక యూనిట్ సంగతి చెబుతాను. పెట్టెలు నిండుగా ఉన్నాయి, నలుగురికి శిక్షణ ఉంది, వాళ్ల ఫోటోలు నోటీసు బోర్డు మీద ఉన్నాయి. యాజమాన్యం అనుమతితో రాత్రి 9 గంటల 40 నిమిషాలకు ముందుగా ఎవరికీ చెప్పకుండా ఒక డ్రిల్లు పెట్టాం. ఒక ఫిట్టర్ పంపు వెనక నేల మీద పడుకున్నాడు. నేను గడియారం పట్టుకుని అతని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. అతన్ని చూసిన తోటి కార్మికుడు సూపర్‌వైజర్ గదికి పరుగెత్తాడు. పెట్టె ఆ గది గోడకే ఉంది, కానీ తాళం వేసి ఉంది. తాళం చెవి పగటి షిఫ్టు స్టోర్‌కీపర్ తాళాల గుత్తిలో ఇంటికి వెళ్లిపోయింది. శిక్షణ పొందిన నలుగురిలో ముగ్గురు పగటి షిఫ్టువాళ్లు, నాలుగో మనిషి సెలవులో ఉన్నాడు. సెక్యూరిటీ గార్డుతో అంబులెన్స్‌కు ఫోను చేసినట్టు మాట్లాడించాం. "ఏ గేటు దగ్గరికి రావాలి?" అని అడిగితే ఆయన తడబడ్డాడు. నేల మీద ఉన్న ఫిట్టర్ కళ్లు తెరవకుండానే నెమ్మదిగా అడిగాడు: "సిస్టర్, ఇంకా ఎవరూ రాలేదా?" అప్పటికి ఏడు నిమిషాలు. తెలిసిన చేయి అతన్ని తాకేసరికి పదకొండయ్యాయి.

ఆ యూనిట్‌లో ఎవరూ నిర్లక్ష్యం చేసినవాళ్లు కారు. అందరూ తమ పట్టికలో ఉన్నది చేశారు. ఈ ప్రశ్న ఆ పట్టికలో లేదు, అంతే. అందుకే మీరు పట్టిక పక్కన పెట్టి మొదలుపెట్టండి.

మొదట చూడవలసింది ప్రమాదాల రిజిస్టరు. గత రెండు మూడేళ్ల గాయాలన్నీ ముందు వేసుకోండి. ఎక్కడ, ఏ వేళ, శరీరంలో ఏ భాగానికి, ఏ పని చేస్తుండగా? తర్వాత ఆ రిజిస్టరును పెట్టెల్లో ఖర్చయిన వస్తువులతో పోల్చండి. ఒకచోట మూడు నెలలుగా రిజిస్టరులో ఒక్క గాయమూ లేదు. కానీ ప్యాకింగ్ విభాగం పెట్టెలో అంటించే పట్టీలు మాత్రం నెలనెలా అయిపోతున్నాయి. అక్కడివాళ్లతో కూర్చుని మాట్లాడితే తెలిసింది, అట్టపెట్టెలు కోసే కత్తి పిడి జారిపోతోందని. రోజూ ఎవరో ఒకరి వేలు తెగుతోంది. రాయిస్తే మాట పడాల్సి వస్తుందని ఎవరూ రాయించడం లేదు. ఆ కత్తులు మార్చడం ఎన్ని పట్టీలు కొన్నదానికన్నా మంచి ప్రథమ చికిత్స.

మీ యూనిట్‌లో ఉన్న ప్రమాదాలను బట్టే పెట్టెలో సరుకు ఉండాలి. అన్ని విభాగాల్లో ఒకే రకం పెట్టె కనిపిస్తే, ఎవరూ ఆలోచించి పెట్టలేదని అర్థం. కోత యంత్రాలు, ప్రెస్సులు ఉన్నచోట రక్తస్రావం ఆపే పెద్ద డ్రెస్సింగులు, టూర్నికే (రక్తం ఆగేలా చేతికో కాలికో బిగించే పట్టీ) ఉండాలి. టూర్నికే ఉంటే దాన్ని బిగించడం నేర్చుకున్నవాళ్లూ ఉండాలి. గాయానికి రెండు మూడు అంగుళాల పైన, కీలు మీద కాకుండా, రక్తం ఆగేదాకా బిగించి, బిగించిన సమయం రాయాలి. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడేచోట కాల్షియం గ్లూకోనేట్ జెల్ తప్పనిసరి. ఆ ఆమ్లం చర్మం మీద మొదట పెద్దగా నొప్పి లేకుండానే లోపలికి దిగిపోతుంది, మామూలు కాలిన గాయాల మందు దాన్ని ఆపలేదు. ఇలాంటి జెల్ ఉందని చెప్పిన రెండు చోట్ల నేను ట్యూబు తీసి చూస్తే గడువు ఎప్పుడో దాటిపోయింది. రసాయనాలు వాడే ప్రతి విభాగంలో వాటి భద్రతా సమాచార పత్రంలో ప్రథమ చికిత్స భాగం తీసి చదవండి. అందులో అడిగినది మీ పెట్టెలో ఉందో లేదో అక్కడే తేలిపోతుంది.

తర్వాత నడవండి. కుర్చీలో కూర్చుని చేసే సమీక్ష సమీక్ష కాదు. ప్రతి పని చోటు నుంచి దగ్గరి పెట్టెకు మామూలు నడకతో ఎంతసేపు పడుతుందో చూడండి. మధ్యలో తాళం వేసిన తలుపు ఉందా, కార్డు చూపిస్తేనే తెరుచుకునే తలుపు ఉందా, మెట్లున్నాయా అన్నది గమనించండి. ఆకుపచ్చ మీద తెల్లని శిలువ గుర్తు దూరం నుంచి కనబడుతోందా? పెట్టెకు తాళం ఉంటే తీసేయండి. "దొంగతనాలు జరుగుతాయి" అంటారు. పోతే కొన్ని పట్టీలు పోతాయి. చెదిరితే తెలిసేలా ఒక చిన్న ప్లాస్టిక్ సీలు వేస్తే సరిపోతుంది.

కళ్లు కడిగే ఏర్పాటు దగ్గర కాసేపు ఆగండి. ఎక్కువగా అనుసరించే అమెరికన్ ప్రమాణం ఆన్సీ జెడ్358.1 ప్రకారం, రసాయనం చిందే చోటు నుంచి అక్కడికి 10 సెకన్లలో చేరుకోగలగాలి, దారిలో అడ్డు ఉండకూడదు, గోరువెచ్చని నీరు కనీసం 15 నిమిషాలు ఆగకుండా రావాలి, వారానికి ఒకసారి నీటిని వదిలి చూడాలి. ఒక యూనిట్‌లో దాని ముందు చెక్క ప్యాలెట్లు పేర్చి ఉన్నాయి. వాటిని జరిపించి మీట నొక్కాను. ముందు కొంచెం గాలి, ఆ వెంటనే తుప్పు రంగు నీళ్లు, వాటితో పాటు ఒక సాలెగూడు ముక్క. నీరు తేటపడటానికి నిమిషం దాటింది. క్షారం పడిన కంటికి ఆ నిమిషం చాలా పెద్దది. మీరు కళ్లు మూసుకుని పది సెకన్లలో అక్కడికి వెళ్లగలరా అని స్వయంగా ప్రయత్నించండి, పక్కన ఒకరిని తోడు పెట్టుకుని. రసాయనం పడిన మనిషి చూస్తూ నడవలేడు కదా.

ఇక పెట్టెల్లోని వస్తువులు. లెక్క సరిపోవడం వేరు, పనికిరావడం వేరు. చేతి తొడుగులు ఒక జత తొడిగి చూడండి. వేడి ఎక్కువ ఉన్న గదుల్లో అవి వేళ్ల దగ్గరే చిరిగిపోతాయి. అంటించే టేపు అంటుకుంటోందా? కత్తెరతో ఒక పాత ప్యాంటు గుడ్డ కోసి చూడండి. నేను తెరిచిన పెట్టెల్లో సగానికి పైగా కత్తెరలు దారం తప్ప మరేదీ కోయలేవు. శుభ్రపరిచిన డ్రెస్సింగుల పొట్లాలు చిరగలేదని, గడువు దాటలేదని చూసుకోండి. దూదిని తెరిచి ఉన్న గాయం మీద నేరుగా పెట్టకూడదు, పోగులు అతుక్కుపోతాయి. నొప్పి మాత్రలు, జ్వరం మాత్రలు ఎవరో మంచి మనసుతో వేసి ఉంటారు, తీసేయండి. ఎవరికి ఏ మందు పడదో ఆ పెట్టెకు తెలియదు. గుండెపోటు లక్షణాలకు నమిలే ఆస్పిరిన్ లాంటివి ఉంచాలా వద్దా అన్నది మీ యూనిట్ డాక్టరు రాతపూర్వకంగా నిర్ణయించాలి.

ఏఈడీ యంత్రం (ఛాతీకి అంటించిన ప్యాడ్ల ద్వారా గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చేది) ఉంటే, అది సిద్ధంగా ఉన్నట్టు చూపే దీపాన్ని రోజూ ఎవరో ఒకరు చూడాలి. ప్యాడ్లకు గడువు ఉంటుంది, ఎందుకంటే వాటి మీది జిగురు పదార్థం ఎండిపోతుంది. ఎండిన ప్యాడ్ చర్మానికి సరిగా అతుక్కోదు. యంత్రం పక్కనే కత్తెర, రేజరు, తుడవడానికి పొడి గుడ్డ ఉన్నాయా చూడండి. చెమటతో తడిసిన ఛాతీ మీద ప్యాడ్ నిలవదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది, మనుషులు. "మాకు ఎనిమిది మంది శిక్షితులున్నారు" అన్న మాటను అక్కడితో వదలకండి. షిఫ్టు వారీగా విడగొట్టండి. సెలవులు, భోజన విరామం, వారాంతపు ఓవర్‌టైము తీసేసి చూడండి. ఏ గంటలోనైనా కనీసం ఇద్దరు లోపల ఉండాలి అన్నది నేను పెట్టుకున్న గీత. ఒకరు ఛాతీ నొక్కుతుంటే అలసిపోతారు, రెండు నిమిషాలకు ఒకసారి చేతులు మారాలి. ఆ గాయపడినది ఆ ఒక్క శిక్షితుడే అయితే? ఒక షిఫ్టులో ఎప్పుడూ ఇద్దరు ఉండాలంటే నలుగురైదుగురికి నేర్పాలి. కాంట్రాక్టు కార్మికులను, రాత్రి శుభ్రం చేసేవాళ్లను, గార్డులను మరచిపోవద్దు. చాలాచోట్ల రాత్రి రెండు గంటలకు లోపల ఉండేది వాళ్లే, శిక్షణ జాబితాలో లేనిదీ వాళ్లే.

ధ్రువపత్రం గడువు, చేతిలోని నేర్పు గడువు ఒకటి కావు. సీపీఆర్ నైపుణ్యం శిక్షణ తర్వాత మూడు నుంచి ఆరు నెలల్లోనే తగ్గడం మొదలవుతుంది. రెండేళ్లకు ఒకసారి రోజంతా తరగతి పెట్టి మధ్యలో వదిలేయడం కన్నా, మూడు నెలలకు ఒకసారి పది పదిహేను నిమిషాలు బొమ్మ మీద నొక్కించడం నా అనుభవంలో ఎంతో మేలు చేసింది. సమీక్షలో "మీకు తెలుసా?" అని అడగకండి, తెలుసనే అంటారు. "చేసి చూపండి" అనండి. నేను చేయి చాచి, "నా ముంజేతి నుంచి రక్తం ధారగా కారుతోంది, ఆపండి" అని మాత్రం అంటాను. చాలామంది ముందు తుడవడం మొదలుపెడతారు. కొందరు డెటాల్ వెతుకుతారు. అరచేతితో గట్టిగా అదిమి పట్టినవాళ్లు నిజంగా నేర్చుకున్నవాళ్లు. బొమ్మ మీద ఛాతీ నొక్కించినప్పుడు లోతు 5 నుంచి 6 సెంటీమీటర్లు, వేగం నిమిషానికి 100 నుంచి 120 ఉండాలి. నెమ్మదిగా, పైపైన నొక్కడమే అందరి తప్పు. మనిషికి నొప్పి పుడుతుందేమో అన్న జాలితో అలా చేస్తారు. ఆ జాలి గురించి వాళ్లతో మాట్లాడాలి.

కాలిన గాయానికి ఏం చేస్తారని అడగండి. "నీళ్లు పోస్తాం" అంటారు. "ఎంతసేపు?" అని అడగండి. పారే చల్లని నీటి కింద 20 నిమిషాలు అని చెప్పినవాళ్లు నాకు తక్కువగానే కనిపించారు. నిమిషంలో మంట కాస్త తగ్గగానే ఆపేసి టూత్‌పేస్ట్ పూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముక్కు నుంచి రక్తం వస్తే తల వెనక్కి వంచేవాళ్లూ ఉన్నారు. ముందుకు వంగి, ముక్కు మెత్తని భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా నొక్కి పట్టాలి. గాయంలో గుచ్చుకున్న ఇనుప ముక్కను పీకేయబోతారు, దాన్ని కదలకుండా ఉంచి చుట్టూ కట్టు కట్టాలి.

ఒక విషయం శిక్షణల్లో దాటేస్తుంటారు, నేను దాటను. మహిళా కార్మికురాలు కుప్పకూలితే చుట్టూ ఉన్న మగవాళ్లు ముట్టుకోవడానికి సంకోచిస్తారు. ఛాతీ మీద చేతులు పెట్టాలి, ఏఈడీ ప్యాడ్లు చర్మానికి అంటించాలి, ఎవరేమనుకుంటారో అన్న భయం. ఆ సంకోచంలో విలువైన నిమిషాలు పోతాయి. డ్రిల్లులో ఒకసారి ఆ సందర్భాన్నే పెట్టండి. ఆడవాళ్లనూ మగవాళ్లనూ కూర్చోబెట్టి ముందే మాట్లాడుకోనివ్వండి. యాజమాన్యం తరఫున "చేసినవాళ్లకు మేం అండగా ఉంటాం" అన్న మాట రాతలో ఇప్పించండి.

పరుగెత్తకూడని చోట్లు ఏవో అందరికీ తెలుసా? ఇది అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. ట్యాంకులో, గుంతలో, మ్యాన్‌హోల్‌లో ఒకరు స్పృహ తప్పితే, కాపాడబోయి దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా ప్రాణాలు కోల్పోవడం మళ్లీ మళ్లీ జరుగుతున్న విషాదం. గాలి పరీక్షించకుండా, శ్వాస పరికరం లేకుండా దిగకూడదు. విద్యుత్ షాక్ తగిలిన మనిషిని తాకే ముందు సరఫరా ఆపాలి. అంటే ఆ యంత్రం మెయిన్ స్విచ్ ఎక్కడుందో పక్కనున్న ప్రతి ఒక్కరికీ తెలియాలి. నడుస్తూ నడుస్తూ నలుగురిని ఆపి "ఈ యంత్రం కరెంటు ఎక్కడ ఆపాలి?" అని అడగండి. ఎంతమంది వెంటనే వేలు చూపారో రాసుకోండి.

ఫోను, గేటు, దారి గురించి ఎక్కువ చెప్పను. యూనిట్ పూర్తి చిరునామా, గేటు నంబరు, దగ్గరి గుర్తు, ఇవి పెద్ద అక్షరాలతో ఫోను పక్కనే ఉండాలి. గార్డుతో వాటిని పైకి చదివించండి. అంబులెన్స్‌కు ఎదురెళ్లి దారి చూపేది ఎవరో ముందే తేలాలి. ఖాళీ స్ట్రెచర్‌ను ఇద్దరితో మోయించి పై అంతస్తు నుంచి గేటుదాకా తీసుకురండి. మెట్ల మలుపులో అది తిరగకపోతే మీకు ఇప్పుడే తెలుస్తుంది.

మీరు అడిగిన మూడో ప్రశ్న, ఎంత కాలానికి ఒకసారి? నేను పాటించేది చెబుతాను. పెట్టెలు నెలకోసారి, వాడిన ప్రతిసారీ అదే రోజు. కళ్లు కడిగే ఏర్పాటు వారానికోసారి. డ్రిల్లు ప్రతి షిఫ్టులో ఆరు నెలలకోసారి, అందులో కనీసం ఒకటి చెప్పకుండా. మొత్తం సమీక్ష ఏడాదికోసారి. ఇవి కాక కొత్త యంత్రం, కొత్త రసాయనం, కొత్త షిఫ్టు వచ్చినప్పుడు, నిజమైన ప్రమాదం జరిగిన రెండు రోజుల్లోగా తప్పక చూడాలి. మీ ప్రాంతపు చట్టం పెట్టెల సంఖ్య, శిక్షితుల సంఖ్యకు కనీస హద్దు చెబుతుంది, దాన్ని ముందు దగ్గర పెట్టుకోండి. యాజమాన్యం డ్రిల్లులకు సమయం ఇవ్వడానికి వెనకాడితే పనిచోట ఆరోగ్యం, భద్రతలకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 45001 చూపండి. 2018లో వచ్చిన ఆ ప్రమాణం అత్యవసర సంసిద్ధత భాగంలో ప్రథమ చికిత్స ఏర్పాటును పేరు పెట్టి చెబుతుంది, ఆ ఏర్పాట్లను ఎప్పటికప్పుడు పరీక్షించి సాధన చేయాలనీ చెబుతుంది.

చెప్పకుండా పెట్టే డ్రిల్లుకు ఒక జాగ్రత్త. నడుస్తున్న యంత్రాల దగ్గర, ఎత్తులో పనిచేసేవాళ్ల దగ్గర హఠాత్తుగా పెట్టవద్దు. భయంతో పరుగెత్తే మనిషికి నిజంగానే దెబ్బ తగలవచ్చు. షిఫ్టు ఇన్‌చార్జికి ఒక్కరికి ముందే చెప్పి, "ఇది డ్రిల్లు" అని ఆపగలిగే మనిషిని పక్కన ఉంచుకోండి. ఫలితం చూసి ఎవరినీ మందలించవద్దు. ఒకసారి మందలిస్తే రెండోసారి నిజం బయటికి రాదు.

మరొకటి మీ పట్టికలో ఎక్కడా ఉండదు. సహాయం చేసిన మనిషి సంగతి. ఒకచోట పాతికేళ్లు కూడా లేని ఆపరేటర్ అంబులెన్స్ వచ్చేదాకా తోటివాడి ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. ప్రాణం నిలవలేదు. మర్నాడు అతను మామూలుగానే పనికి వచ్చాడు, ఎవరూ ఏమీ అడగలేదు. నాలుగో రోజు బీపీ చూపించుకునే నెపంతో నా గదికి వచ్చి, "ఇంకా గట్టిగా నొక్కి ఉంటే బతికేవాడా సిస్టర్?" అన్నాడు. అతని అరచేతుల అడుగుభాగం ఇంకా కమిలే ఉంది. అతను చేయగలిగిందంతా చేశాడని చెప్పడానికి నాకు గంటకు పైగా పట్టింది, ఆ తర్వాత కూడా కొన్ని వారాలు మాట్లాడుతూ వచ్చాను. సంఘటన జరిగిన రోజే సహాయం చేసినవాళ్లతో కూర్చుని మాట్లాడేది ఎవరో మీ సమీక్షలో పేరుతో సహా రాయండి.

నివేదిక రాసేటప్పుడు "98 శాతం సక్రమం" లాంటి అంకె వేయకండి. ఆ మిగిలిన రెండు శాతం తాళం చెవి కావచ్చు. మొదటి పేజీలో డ్రిల్లులో పట్టిన నిమిషాలు రాయండి, షిఫ్టు వారీగా. ఆ కింద ఏ నిమిషం ఎక్కడ పోయిందో, దాన్ని ఎవరు ఎప్పటిలోగా సరిచేస్తారో రాయండి. ఒక్క పేజీ చాలు, పై అధికారులు చదివేదీ అదే.

మొదటి డ్రిల్లు రెండో షిఫ్టులోనే పెట్టండి. ఎన్ని నిమిషాలు పట్టిందో, మధ్యలో ఎవరు ఎటు పరుగెత్తారో ఇక్కడ రాయండి. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో నేనూ చూసి చెబుతాను.